సాటి రోమన్ మీద గెలుపును రోమన్ రచయితలు ఎలా రాశారు?

ప్రత్యర్థిని ఓడించి అధికారంలోకి వచ్చిన పాలకుడి గురించి రోమన్ రచయితలు రాసింది ఎంతవరకు నమ్మొచ్చని అడిగారు. నేను డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెబుతాను. ఈ విషయానికి ప్రతిసారీ ఎంచుకునేది తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్‌నే.

ముందు అతను తన గురించి తానే రాసుకున్న 'రెస్ గెస్టే' చదివిస్తాను. అతను పోయాక (క్రీ.శ. 14) దాన్ని రోమ్‌లో సమాధి ముందు కంచు ఫలకాల మీద చెక్కించారు. చాలావరకు పాఠం టర్కీలో అంకారాలోని గుడి గోడల మీద నేటికీ ఉంది. అందులో శత్రువుల పేర్ల కింద గీత గీయమంటాను. విదేశీ రాజుల పేర్లు దొరుకుతాయి. అతను ఓడించిన సాటి రోమన్లు బ్రూటస్, సెక్స్‌టస్ పాంపే, ఆంటోనీల పేర్లు మాత్రం ఒక్కచోట కూడా ఉండవు. బ్రూటస్ వర్గం 'నా తండ్రిని చంపినవాళ్ళు' (తండ్రి అంటే అతన్ని దత్తత తీసుకున్న జూలియస్ సీజర్). సెక్స్‌టస్‌తో చేసిన యుద్ధం సముద్రపు దొంగల పీడ వదిలించడం. ఆంటోనీ అయితే గుళ్ళ సొత్తు కాజేసిన, తాను యుద్ధం చేసిన ఒకానొక మనిషి. "మరి యుద్ధం ఎవరితో జరిగింది సార్?" అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న రావాలనే చదివిస్తాను.

సాటి పౌరులను చంపి విజయోత్సవం చేసుకోవడాన్ని రోమన్లు హర్షించరు. అందుకే క్రీ.పూ. 32లో యుద్ధం ప్రకటించింది ఆంటోనీ పక్షాన ఉన్న ఈజిప్టు రాణి క్లియోపాత్రా మీద మాత్రమే. మరుసటి ఏడు గ్రీసు తీరంలోని ఆక్టియం దగ్గర ఆంటోనీ ఓడిపోయాడు. క్రీ.పూ. 29లో మూడు రోజులు విజయోత్సవాలు జరిగాయి.

కవి వర్జిల్ తన 'ఈనియడ్' కావ్యం ఎనిమిదో భాగంలో ఈ యుద్ధాన్ని ఒక డాలు మీది బొమ్మగా వర్ణిస్తాడు. అగస్టస్ వెనక సెనేట్, ప్రజలు, దేవతలు. ఆంటోనీ వెంట తూర్పు దేశాల సైన్యాలు, పేరు చెప్పని 'ఈజిప్టు భార్య', రోమన్ దేవతల మీదికి వచ్చే కుక్కతల ఈజిప్టు దేవుడు అనుబిస్. అద్భుతమైన కవిత్వం, ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది. కానీ యుద్ధానికి ముందు క్రీ.పూ. 32లో కాన్సల్‌లు (రోమ్ అత్యున్నత అధికారులు) ఇద్దరూ, ఎందరో సెనేటర్లూ ఆంటోనీ దగ్గరికే వెళ్ళిపోయారు. ఆ సంగతి డాలు మీద కనిపించదు. ఆ రోజు నౌకాదళాన్ని నడిపిన అగ్రిప్పాకు మాత్రం వర్జిల్ చోటిచ్చాడు.

మరో కవి హోరేస్ ఇంకో దారి పట్టాడు. ఆంటోనీ ఊసే ఎత్తలేదు. క్లియోపాత్రాను మొదట పిచ్చిపట్టిన రాణి అన్నాడు. చివరికి వచ్చేసరికి, బందీగా రోమ్ వీధుల్లో నడవడానికి ఒప్పుకోక పాముకాటుతో చనిపోయిన ఆమె ధైర్యానికి తలవంచాడు. గెలిచినవాడి మనిషి అయ్యుండీ అలా రాసినందుకు హోరేస్ అంటే నాకు గౌరవం.

వీళ్ళ తర్వాత చరిత్రకారుడు టాసిటస్ రాసిన 'ఆనల్స్' మొదటి పేజీలు తప్పకుండా చదవండి. నూరేళ్ళకు పైగా గడిచాక రాసినవాడు కాబట్టి అగస్టస్‌కు భయపడాల్సిన పని లేదు. అగస్టస్ అంత్యక్రియల వేళ జనం ఏమనుకున్నారో రెండు వైపులా చెబుతాడు. దేశం కోసం తప్పక ఆయుధం పట్టాడని కొందరు. అదంతా అధికార దాహానికి ముసుగని, శాంతి వచ్చిన మాట నిజమే గానీ అది రక్తంతో తడిసిందని ఇంకొందరు. తన తీర్పు నేరుగా ఇవ్వడు, కానీ రెండో వైపుకే ఎక్కువ చోటిస్తాడు.