సందేహాలు – సమాధానాలు: తాడు లేని ఉరి

సందేహం: మాస్టారూ! నేనూ నా ఫ్రెండ్సూ కలిసి ‘బాబిలాన్ 5’ అనే పాత అమెరికన్ టీవీ సీరియల్‌కి సరదాగా తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకుంటున్నాం. కథంతా అంతరిక్షంలో ఒక స్టేషన్‌లో జరుగుతుంది. అక్కడ భూమివాళ్ల చట్టం ప్రకారం దేశద్రోహానికీ, సైన్యంలో తిరుగుబాటుకీ ఒకటే శిక్ష. దోషిని ఎయిర్‌లాక్‌లో నిలబెట్టి, బయటి తలుపు తీసి శూన్యంలోకి వదిలేస్తారు. హంతకుణ్ణి మాత్రం చంపరు. వాడి జ్ఞాపకాలూ స్వభావమూ మొత్తం చెరిపేసి, కొత్త మనిషిగా తయారుచేసి, జనానికి సేవ చేసుకుంటూ బతకమంటారు. మొదటిదానికి ‘అంతరిక్ష ఉరిశిక్ష’ అనీ, రెండోదానికి ‘వ్యక్తిత్వ మరణశిక్ష’ అనీ పెట్టాను. ‘ముద్దాయికి అంతరిక్ష ఉరిశిక్ష విధించబడడం జరిగింది’ అని నేను రాసింది చూసి మా అమ్మ ‘తాడే నేదు, ఉరేటిరా బాబూ’ అంది. ఫ్రెండ్స్ ‘మరణదండన’ అనాలంటున్నారు. ఏది సరైన మాట?

– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ అమ్మగారి మాటే ఖాయం చేసుకోండి. ఉరి అంటే పాశం, ఉచ్చు. మనిషి మెడ దాకా రాకముందు అది పిట్టలకీ కుందేళ్లకీ పన్నేది. కన్నడంలో ఉరుళు అన్నా ఉచ్చే. తాడూ ముడీ లేని చోట ఉరి లేదు. వేటగాడు ఉరి ఒడ్డుతాడు, ప్రభుత్వం ఉరి తీస్తుంది. ఇక్కడ తీయడమంటే లాగి బిగించడం అని నా ఊహ.

మరి మీకు ఆ మాట ఎందుకు తట్టింది? పేపర్లు చదివి. మన మామూలు కోర్టులు వేసే మరణశిక్షకి చట్టం చెప్పిన పద్ధతి ఒక్కటే, ప్రాణం పోయేదాకా మెడకి ఉరి వేసి ఉంచడం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354(5) ఆ మాటే అంది. 2024 జులై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా అదే అంటోంది. దాంతో శిక్ష పేరూ, అమలు చేసే పద్ధతి పేరూ విలేఖరుల కలంలో ఒకటైపోయాయి. ఏ దేశంలోనో ఎవడికో విషపు సూది గుచ్చి చంపినా ఇక్కడ ‘ఉరిశిక్ష అమలు’ అని హెడ్డింగు పెట్టేస్తారు. అంత దూరం ఎందుకు, మన 1950 నాటి సైనిక చట్టమే కాల్చి చంపడాన్ని కూడా ఒప్పుకుంటుంది. దాన్నీ ఉరిశిక్ష అనేస్తే తుపాకీ ఏమైపోవాలి?

పాత రోజుల్లో కొరత వేయడం ఇంకొకటి ఉండేది. కొఱత అంటే మొన తేలిన శూలం. ఇప్పుడు కొరత అంటే ఉల్లిపాయల కొరతే గుర్తొస్తోంది. అదీ మంచిదే.

ఇక మీరు అడగని విషయానికి వస్తాను. మీరు రాసిన రెండు మాటల్లోనూ ‘శిక్ష’ ఉంది, దాని గురించి మీకు ఏ సందేహమూ రాలేదు. రావలసింది అక్కడే.

శిక్ష్ అనే సంస్కృత ధాతువుకి, అంటే మాట పుట్టిన మూలానికి, ధాతుపాఠం అనే పాత జాబితా చెప్పే అర్థం ‘విద్యోపాదానే’. అంటే చదువు నేర్చుకోవడం. ఆరు వేదాంగాల్లో ఒకటి శిక్ష, అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పే శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అని ఒక భాగమే ఉంది. ‘శీక్షాం వ్యాఖ్యాస్యామః’ అని, వర్ణం, స్వరం, మాత్ర అంటూ పాఠం చెబుతుంది, ఎవరినీ కొట్టదు. హిందీ వాళ్లకి ఇప్పటికీ శిక్ష అంటే చదువే. మనకేమో దెబ్బలు, జరిమానా, జైలు. చదువన్న అర్థం శిక్షణలోనూ శిక్షకుడిలోనూ తలదాచుకుంది.

ఇలా ఎందుకు మారిందని మా తాతల తరం వాళ్లని అడిగితే నవ్వేవారు. వీధిబడిలో దూలానికి ఒక తాడు కట్టి ఉండేది. పాఠం రాని కుర్రాడు రెండు చేతులతో దాన్ని పట్టుకుని వేలాడాలి. చేతులు జారితే కింద బెత్తం సిద్ధం. ఆ తాడు పేరు కోదండం, సాక్షాత్తూ రాముడి విల్లు పేరు! గోడకుర్చీ, గుంజీలు దాని ముందు ఆటల కింద లెక్క. నేర్పడం కోసం కొట్టారు, కొట్టగా కొట్టగా మాటలోంచి నేర్పడం జారిపోయింది.

శిష్యుడు కూడా ఈ ధాతువు నుంచే పుట్టాడని కొందరు పండితులే రాస్తుంటారు. కాదు, వాడిది శాస్ ధాతువు. శాసనం, శాస్త్రం ఆ ఇంటివే. ‘తగిన శాస్తి జరిగింది’ అంటామే, ఆ శాస్తీ అక్కడిదే. రెండు ధాతువులు, రెండు కుటుంబాలు. రెండిట్లోనూ చదువూ దెబ్బా ఒకే కంచంలో తింటున్నాయి.

ఇదంతా తెలియక కాదు, పట్టించుకోక జరిగిన ఒక ఘనకార్యం చెబుతాను. 2018లో కేంద్రం బడి చదువుల కోసం ఒక పథకం పెట్టింది. హిందీలో దాని పేరు సమగ్ర శిక్షా. దాన్ని దీర్ఘం ఒక్కటి తీసేసి ‘సమగ్ర శిక్ష’ అని తెలుగులోకి దించేశారు. ఈసారి సర్కారీ బడి ముందునుంచి వెళ్తే బోర్డు చూడండి. లోపలున్న పిల్లల గతి తలుచుకుంటే జాలేస్తుంది. ‘సమగ్ర విద్య’ అని రాస్తే ఎవరి సొమ్ము పోయేది?

ఈ రెండు అర్థాల మధ్య నలిగిన పిల్లవాణ్ణి పోతనగారు మనకి చూపించారు. హిరణ్యకశిపుడు కొడుకుని చండామార్కుల దగ్గరికి పంపింది మొదటి శిక్ష కోసం. పిల్లవాడు తిరిగొచ్చి ‘చదివించిరి నను గురువులు’ అని నెమ్మదిగా అందుకుని ‘చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ’ అని నిలబడ్డాడు. ఆ మర్మం ఏమిటో బయటపడేసరికి తండ్రికి ఒళ్లు మండి రెండో శిక్షకి దిగాడు. దిగ్గజాల చేత తొక్కించమన్నాడు, పాముల చేత కరిపించమన్నాడు, మంటల్లో వేయమన్నాడు, సముద్రంలో ముంచమన్నాడు. అప్పటికి సీసపద్యం నాలుగు పాదాలూ అయిపోయాయి. దాని కింద వచ్చే ఎత్తుగీతి ఇది:

విషముఁ బెట్టఁ బంపు విదళింపఁగాఁ బంపు
దొడ్డ కొండచఱులఁ ద్రోయఁ బంపు
పట్టి కట్టఁ బంపు బాధింపఁగాఁ బంపు
బాలుఁ గినిసి దనుజపాలుఁ డధిప!

గట్టిగా చదవండి. మూడు పాదాల్లో ఐదు పంపులు. పంపు అంటే పంపించడమే కాదు, పాత తెలుగులో ఆజ్ఞ అని కూడా. రాజు పంపున అంటే రాజాజ్ఞ మీద. అంత కోపంలోనూ ఆ రాక్షసుడు తన చేత్తో పిల్లవాణ్ణి ముట్టుకోడు. తొక్కేది ఏనుగు, కరిచేది పాము, తోసేది ఎవడో నౌకరు, ఆయన పని పంపు ఒక్కటే. ఏ కాలంలోనైనా మరణశిక్ష తీరే అంత. సంతకం ఒకరిది, మీట నొక్కే చెయ్యి మరొకరిది. తెలుగు క్రియ దగ్గర మాత్రం ఈ దాపరికం సాగదు. చంపాడు వేరు, చంపించాడు వేరు. తల తీయించాడు, తొక్కించాడు, కరిపించాడు. ఆ ‘ఇంచు’ వినగానే వెనకాల ఎవరున్నారో తెలిసిపోతుంది.

మీకు కావలసిన మాట రెండో పాదంలోనే ఉంది. త్రోయఁ బంపు. ఎయిర్‌లాక్ దగ్గర జరిగేదీ తోయించడమే. కొండచరియ బదులు తలుపు, లోయ బదులు శూన్యం. దాన్ని ఉరి అనడానికి ఇంకో అభ్యంతరం కూడా ఉంది. శూన్యంలో గాలి ఆడకుండా గొంతు నొక్కేది ఏదీ లేదు, అసలు గాలే లేదు. 1966లో నాసా వాళ్ల వాక్యూమ్ గదిలో స్పేస్‌సూట్ పరీక్షిస్తుండగా ఒక టెక్నీషియన్‌కి గాలి గొట్టం ఊడిపోయింది. పద్నాలుగు సెకన్లలో స్పృహ తప్పాడు. వెంటనే గది నిండా గాలి వదిలారు కాబట్టి బతికాడు. ఎయిర్‌లాక్ బయట ఆ గాలి వదిలేవాళ్లెవరూ ఉండరు.

విశాఖవాసులు గనక ఒక కొసరు. సింహాచలం స్థలపురాణం ఏమంటుంది? ప్రహ్లాదుణ్ణి సముద్రంలోకి తోసి పైన కొండ పడేయబోతే స్వామి వచ్చి కాపాడాడనీ, ఆ కొండే ఇదనీ. తోయించిన శిక్ష అమలు కాకుండా ఆగిపోయిన చోటు మీ కాలనీ నుంచి బస్సు దూరంలో ఉంది. చందనోత్సవం క్యూలో గంటల తరబడి నిలబడినప్పుడు ఈ పద్యం నెమరేసుకోవచ్చు.

ఇక ‘వ్యక్తిత్వ మరణశిక్ష’. వ్యక్తి అంటే వ్యక్తమైనది, బయటికి కనబడేది. మాట మంచిదే. కానీ వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెరిగాక ఆ వ్యక్తిత్వం టై కట్టుకోవడం, ఇంటర్వ్యూలో చిరునవ్వు నవ్వడం దాకా దిగజారింది. మీ సబ్‌టైటిల్ చదివినవాడు ఎవరికో ఉద్యోగం రాలేదనుకుంటాడు. పైగా అక్కడ మరణం లేదు. మనిషి లేచి తిరుగుతున్నాడు, అన్నం తింటున్నాడు, కొత్తగా నేర్పిన పని చేస్తున్నాడు. నిజానికి ధాతువు దగ్గరి అర్థంలోనూ నేటి అర్థంలోనూ శిక్ష అనదగ్గది ఇదొక్కటే. ముందు దండించి, తర్వాత నేర్పుతారు కదా!

మీ సీరియల్‌లోనే 1995లో వచ్చిన ఒక భాగంలో ఇలా చెరిపేసిన హంతకుడొకడు తన గతం తెలియక సన్యాసుల మధ్య సన్యాసిగా బతుకుతుంటాడు. చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు వెతుక్కుంటూ వచ్చి, గతం గుర్తు చేయించి మరీ చంపుతారు. మన భారతంలోని మాండవ్య ముని కూడా కొరత ఎక్కాక యముడి దగ్గరికి వెళ్లి ‘నేనేం చేశాను?’ అనే అడిగాడు. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావన్నాడు యముడు. గుర్తుంటే ముని అడిగేవాడా? పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కాదని ఆయనే అప్పటికప్పుడు చట్టం చేసి, యముణ్ణి విదురుడిగా పుట్టమని శపించాడు. మనిషికి గుర్తులేని తప్పుకి శిక్ష వేయడం గురించి భారతం అప్పుడే కోపం తెచ్చుకుంది.

మరి ఏ మాట వాడాలి? మొదటిదానికి మరణశిక్ష, మరణదండన రెండూ సాధువులే. దండం అంటే కర్ర, దాన్నుంచే దండన. మీ ఫ్రెండ్స్ మాటలో చదువు వాసన లేదు గనక అదే ఒక వీసం మేలేమో. పద్ధతి కూడా తెలియాలంటే ‘శూన్యంలోకి తోయించారు’ అని రాయండి. ఎయిర్‌లాక్‌ని ఎయిర్‌లాక్‌గానే ఉంచండి, ‘వాయు బంధన ద్వారం’ లాంటి వాటి జోలికి పోకండి.

రెండోదానికి నేను ఖాయంగా చెప్పలేను. మనువు వాగ్దండం, ధిగ్దండం, ధనదండం, వధదండం అని నాలుగు చెప్పాడు. డబ్బు తీసుకుంటే ధనదండం, ప్రాణం తీస్తే వధదండం. ఆ లెక్కన జ్ఞాపకం తీసేస్తే స్మృతిదండం కావాలి. 2024 దాకా అమల్లో ఉన్న మన పీనల్ కోడ్‌కి తెలుగులో శిక్షాస్మృతి అని పేరు గనక ఈ స్మృతి కాస్త చమత్కారంగా కూడా ఉంటుంది. అయితే అలవాటు లేని మాట. తొలి సీన్‌లో ‘జ్ఞాపకాలు చెరిపేసే శిక్ష’ అని విడమరిచి రాసి, తర్వాత దీన్ని వాడి చూడండి. నిలబడితే సరే, లేకపోతే ఆ విడమరిచిందే మేలు. ‘మరుజన్మ’ అనే ఆలోచన వస్తే మాత్రం వద్దు. ఆసుపత్రి నుంచి బతికి బయటపడ్డవాడు సంతోషంగా అనే మాట అది.

అదే సీరియల్‌లో దోషి ప్రాణశక్తిని లాగి రోగులకి ఎక్కించే యంత్రం కూడా మీకు తగులుతుంది. దానికి కొత్త మాటలేవీ అక్కర్లేదు. ప్రాణం తీయడం, ప్రాణం పోయడం రెండూ మనకి ఇంట్లో ఉన్న మాటలే.

చివరగా, ‘విధించబడడం జరిగింది’ సంగతి. ఒక ‘బడు’ చాలక దానికో ‘జరిగింది’ తోకా! ఆ సీన్‌లో జడ్జిగారు అందరి ఎదుటా కూర్చుని తీర్పు చదువుతున్నారు కదా. ‘జడ్జి విధించాడు’ అని రాయండి.