కార్డు బదిలీ అయ్యేదాకా చికిత్స ఆగాలా?

ప్రశ్న: మా తమ్ముడు తాగుడు మానేందుకు తానే ఒప్పుకున్నాడు. రేషన్ కార్డు శ్రీకాకుళం చిరునామాతో ఉన్నందున, అది ఇక్కడికి మారాకే ఉచితంగా చేర్చుకుంటామని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పారు. సచివాలయంలో ఇచ్చిన దరఖాస్తు కదలడం లేదు. ఏం చేయాలి?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: కార్డు కోసం ఆగకండమ్మా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే పరిగణిస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు చేతిలో ఉన్నా లేకున్నా, ప్రభుత్వ మానసిక చికిత్సా కేంద్రాల్లో ఉచిత వైద్యం అందాలని దాని 18వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ సూపరింటెండెంటుకు అర్జీ రాసి, మీ దగ్గర ఉంచుకునే ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటతో తిప్పిపంపినంత తేలికగా ముద్రపడిన కాగితాన్ని తోసిపుచ్చలేరు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎలాగూ చేర్చుకుంటారు కదా అని ఇంట్లోనే మద్యం ఒక్కసారిగా మాన్పించకండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవారికి, ఆపిన రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడటం జరిగి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ లక్షణాలు కనిపిస్తే ఏ కాగితమూ వెతకకుండా 108కి ఫోన్ చేసి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మిగతా సలహాలకు జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది.