గర్భస్రావానికి భర్త సంతకం కావాలా?

ప్రశ్న: నా వయసు 26. గర్భం వచ్చాక భర్త నన్ను వదిలేసి వెళ్లాడు. ఇప్పుడు ఐదో నెల. భర్త సంతకం లేనిదే గర్భస్రావం చేయలేమని రెండు ఆసుపత్రులవాళ్లు తిప్పి పంపారు. మొదట తీయించిన స్కాన్ రిపోర్టు ఎక్కడో పోయింది. మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయను?

జవాబు: భర్త గురించి నాలుగు పేజీలు రాశారు. ఎన్నో వారమో ఒక్కచోటా రాయలేదు. తేల్చేది అదే. 'ఐదో నెల' అంటే 18 వారాలూ కావచ్చు, 21 కూడా కావచ్చు. చట్టం గీత గీసింది సరిగ్గా ఆ మధ్యలో, 20 దగ్గర.

సంతకం సంగతి సులువు. 1971 నాటి ఎంటీపీ చట్టం (గర్భస్రావాల చట్టం) సెక్షన్ 3 ప్రకారం 18 నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. ఫారం-సి అనే సమ్మతి పత్రం మీద మీరు సంతకం చేస్తే సరి. భర్త సంతకం ఆసుపత్రులు భయం కొద్దీ పెట్టుకున్న ఆచారం. (రేపు విడాకుల కేసులో ఆయన దీన్ని క్రూరత్వమని వాదించవచ్చు. ఆ గొడవ వేరు.)

20 వారాల్లోపైతే, మీ శారీరక, మానసిక ఆరోగ్యం దృష్ట్యా ఒక రిజిస్టర్డ్ డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 దాటి 24 లోపైతే ఇద్దరు డాక్టర్లు కావాలి, పైగా ఆ చట్టం కింద చేసిన నిబంధన 3బి చెప్పే వర్గాల్లో మీరుండాలి. అక్కడ మీకు సంబంధించిన చోట, గర్భం వచ్చాక వైధవ్యం, విడాకులు అనే రాసి ఉంది. కానీ 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు దాన్ని విశాలంగా చదివింది. భాగస్వామి వదిలేసినా వర్తిస్తుంది. అందుకే ఆయన వెళ్లింది గర్భం వచ్చాకేనని చూపే మెసేజ్‌లు చెరిపేయకండి.

రిపోర్టు పోగొట్టుకోవడం ఏం నిర్లక్ష్యం? వారాలకు గట్టి సాక్ష్యం తొలి మూడు నెలల స్కానే. ఇప్పుడు తీస్తే వారం, పది రోజులు తేడా రావచ్చు. పీసీపీఎన్‌డీటీ చట్టం (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) కింద స్కాన్ సెంటర్ రెండేళ్లు రికార్డులు ఉంచాలి. వెళ్లి నకలు తెచ్చుకోండి.

బిళ్లల జోలికి మాత్రం పోవద్దు. ఇంటి దగ్గర వేసుకునే పద్ధతి 9 వారాల వరకే, అదీ డాక్టరు రాసిస్తేనే. ఐదో నెలలో తీవ్ర రక్తస్రావం కావచ్చు, మాయ ముక్కలు లోపలే ఉండిపోయి ఇన్‌ఫెక్షన్ రావచ్చు, పాత సిజేరియన్ ఉంటే గర్భసంచి చిట్లవచ్చు. గర్భస్రావాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 88 తనకు తాను గర్భస్రావం చేసుకున్న స్త్రీకీ వర్తిస్తుంది. సంతకం పేరుతో తిప్పి పంపే ఆసుపత్రులు ఆడవాళ్లను తోసేది ఈ గోతిలోకే.

రేపే ప్రసూతి విభాగం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద తేదీ వేయించుకోండి. కాదంటే కారణం రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఆ నకలే సాక్ష్యం. అదే రోజు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి (ఫోన్ 15100). ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచితంగా లాయరును ఇస్తారు. రాజ్యాంగంలోని 226 అధికరణ కింద హైకోర్టులో అత్యవసర రిట్ (ఆదేశం కోరే పిటిషన్) వేస్తే, కోర్టు మెడికల్ బోర్డు నివేదిక తెప్పించుకుంటుంది. ఆ రోజులు కూడా మీ వారాల్లోంచే పోతాయి.