‘రికంబెంట్’ అంటే పడుకోవడమేనా?

ప్రశ్న: ఒక వైద్య నివేదికలో రోగిని ‘డార్సల్ రికంబెంట్’ భంగిమలో పరీక్షించినట్లు రాసి ఉంది. నిఘంటువు ‘రికంబెంట్’కు ‘పడుకొని ఉన్న’ అని మాత్రమే అర్థం చెబుతోంది. ఈ పదానికీ ‘సుపైన్’, ‘ప్రోన్’ అనే పదాలకూ తేడా ఏమిటి? మామూలు మాటల్లో దీనిని వాడవచ్చునా?

జవాబు: నిఘంటువు చెప్పినది తప్పు కాదు గాని, సగమే చెప్పింది. ‘రికంబెంట్’ విశేషణం, పడుకోవడమనే పనిని కాక, పడుకొని ఉన్న స్థితిని మాత్రమే తెలుపుతుంది. నిద్ర, అలసట, జబ్బు వంటి కారణాలతో దానికి సంబంధం లేదు. ఉచ్చారణలో ఊనిక రెండవ అక్షరమైన ‘కం’ మీద పడుతుంది.

మీరు అడిగిన తేడా ఇక్కడే ఉంది. ‘సుపైన్’ అంటే వెల్లకిలా, ‘ప్రోన్’ అంటే బోర్లా. ‘రికంబెంట్’ ఒక్కటే ఉంటే శరీరం ఏ వైపుకు తిరిగి ఉన్నదో తెలియదు. అందుకే వైద్యులు దానికి ముందు మరొక మాట చేరుస్తారు. మీ నివేదికలోని ‘డార్సల్ రికంబెంట్’ అంటే వెల్లకిలా పడుకొని, మోకాళ్లు పైకి మడిచి, పాదాలను బల్లపై ఆనించిన భంగిమ. ‘లాటరల్ రికంబెంట్’ అంటే పక్కకు ఒత్తిగిలి పడుకోవడం. తెలుగులో వెల్లకిలా, బోర్లా, ఒత్తిగిలి అని ఒక్కొక్క మాటతో తేలిపోయే సంగతికి ఇంగ్లీషు వైద్యభాష లాటిన్ మాటలను జోడించుకోవలసి వచ్చిందన్నమాట. ‘ప్రాస్ట్రేట్’ అనే మరో పదం కూడా ఉంది గాని, అందులో సాగిలపడటం, నీరసంతో కూలబడటం అనే భావం కలిసి ఉంటుంది. దానిని ‘ప్రాస్టేట్’ గ్రంథితో కలగాపులగం చేసేవారు తరచు కనిపిస్తారు, జాగ్రత్త.

ఈ పదం లాటిన్‌లోని ‘రికంబెరె’ అనే క్రియ నుండి వచ్చింది. దాని అర్థం వెనక్కి వాలడం, పడుకోవడం. దీని బంధువర్గాన్ని చూస్తే పదం ఇక మరపునకు రాదు. ‘సకంబ్’ అంటే లొంగిపోవడం, మూలార్థంలో కింద పడి ఉండటం. ‘ఇన్‌కంబెంట్’ అంటే మీద వాలి ఉన్నది. అందుకే ఆ పదానికి ‘విధిగా చేయవలసిన’ అనే అర్థం వచ్చింది. ఆశ్చర్యమేమిటంటే, ‘బాధ్యత మీద పడింది’ అన్నప్పుడు తెలుగువాడు కూడా అదే బొమ్మను గీస్తున్నాడు. కార్యాలయాల్లోని ‘క్యూబికల్’ కూడా ఈ కుదురుదే: లాటిన్‌లో ‘క్యూబిక్యులం’ అంటే పడకగది. మధ్యాహ్నం అక్కడ కునుకు తీసేవారికి ఈ వ్యుత్పత్తి ఒక సాకుగా పనికి రావచ్చు.

వైద్యానికి వెలుపల కూడా ఈ పదం శాస్త్రపరిభాషలోనే ఎక్కువగా కనిపిస్తుంది. భూగర్భశాస్త్రంలో శిలాస్తరాలు ముడుచుకొని, ఆ ముడుత అక్షతలం (ముడుతను మధ్యగా రెండు భాగాలు చేసే ఊహాతలం) దాదాపు అడ్డంగా ఒరిగిపోతే దానిని ‘రికంబెంట్ ఫోల్డ్’ అంటారు. పశువైద్యులు లేవలేక నేలమీద ఉండిపోయిన ఆవును ఈ పదంతోనే వర్ణిస్తారు. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిలుకు కూడా ఇదే పేరు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి సైక్లిస్టు అటువంటి సైకిలుపై గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి, 1914 నుండి నిలిచి ఉన్న రికార్డును దాటేయగా, మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ తరహా సైకిళ్లను తన పోటీల నుండి తప్పించింది. ఆ సైకిలు తొక్కేవాడు పూర్తిగా పడుకొని ఉండడు, వాలి ఉంటాడు. కాబట్టి ఈ పదానికి ‘వాలిన’ అనే అర్థం కూడా చెల్లుతుందని గ్రహించాలి.

ఇక మీ చివరి ప్రశ్న. ‘తమ్ముడు మంచం మీద పడుకొని ఉన్నాడు’ అనడానికి ఇంగ్లీషులో ‘లైయింగ్ డౌన్’ చాలు. అక్కడ ‘రికంబెంట్’ అని వాడితే తెలుగులో ‘తమ్ముడు శయనించి ఉన్నాడు’ అన్నట్లుంటుంది: వ్యాకరణం సరిపోతుంది, వినేవారు నవ్వుతారు. నవ్వించడమే మీ ఉద్దేశమైతే నిరభ్యంతరంగా వాడండి. లేదంటే నివేదికలకు, శిల్పాల వర్ణనలకు, శాస్త్రవ్యాసాలకు దానిని విడిచిపెట్టడం మేలు.