పలాస జీడి అంట్లు: మైకోరైజా పొడి వేసినా ఎదగకపోతే

పొడి వేర్లకు తగల్లేదు, అదీ సంగతి. ఎర్రనేలలో జీడి అంట్ల మొదళ్ల చుట్టూ మైకోరైజా పొడి పైపైన చల్లానని, అయినా ఎదగడం లేదని అన్నారు కదా. అది ఎరువు కాదండీ, బతికున్న శిలీంధ్రం. వేరులోకి చేరితేనే పని చేస్తుంది.

ఎర్రనేలలో భాస్వరం ఇనుముకు అతుక్కుని కదలదు. వేరు తన చుట్టూ మిల్లీమీటరో రెండో మేర తీసుకుని ఆగిపోతుంది. శిలీంధ్రపు దారాలు సెంటీమీటర్ల దూరం నుంచి తెచ్చిస్తాయి, బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది. అడవి చెట్లకు డీఏపీ (భాస్వరం ఎరువు) ఎవరు వేస్తున్నారు మరి!

1. మొదలుకు జానెడు దూరంలో, సన్నని వేర్లు కనిపించేదాకా మెల్లగా తవ్వండి. పొడి వాటికి తగిలేలా వేసి, మట్టి కప్పి తడపండి.
2. డీఏపీ ఇప్పటికి ఆపండి. భాస్వరం ఎక్కువైతే వేరు శిలీంధ్రాన్ని రానివ్వదు.
3. చెట్టు మొదలు దగ్గర కార్బెండజిమ్ (శిలీంధ్రాలను చంపే మందు) పోయొద్దు.

కొత్త గుంతలైతే అంటు కిందే వేసేయండి.