మోల్ కాన్సెప్ట్: లెక్కపెట్టలేనివాటిని తూచి లెక్కపెట్టడం

డజను అంటే 12, మోల్ అంటే 6.022 × 10²³ అని చెప్పగానే అర్థమైనట్టే ఉంటుంది, లెక్క చేయబోతే మాత్రం గ్రాముల దగ్గర చిక్కుకుపోతాం, ఎందుకు అని అడిగారు. డజను పోలిక సగం దూరమే తీసుకెళ్తుంది. పన్నెండు వస్తువుల్ని వేలు పెట్టి లెక్కించొచ్చు. అణువుల్ని అలా లెక్కించలేం, తూచి తెలుసుకోవాల్సిందే. ఆ తూకం సంగతి డజనులో లేదు.

అందుకే నట్లు, బోల్టులు తీసుకోండి. బోల్టు 10 గ్రాములు, నట్టు 4 గ్రాములు, ఒక్కో బోల్టుకి రెండు నట్లు బిగించాలి. 500 గ్రాముల బోల్టులున్నాయి, నట్లు ఎన్ని గ్రాములు కావాలి? రెండు నట్లు కదా అని 1000 అనేస్తే తప్పు. 500ని 10తో భాగిస్తే 50 బోల్టులు, వాటికి 100 నట్లు, అంటే 400 గ్రాములు. ముందు గ్రాముల్ని సంఖ్యగా మార్చాం, నిష్పత్తి సంఖ్యకి వాడాం, తర్వాతే మళ్లీ గ్రాములకి వచ్చాం. రసాయన సమీకరణంలో ముందుండే అంకెలూ ఇలాగే సంఖ్యకి చెందినవి. వాటిని నేరుగా గ్రాములకి తగిలించడమే అందరూ చేసే తప్పు.

ఇంకో సంగతి గమనించండి. 4 కిలోల నట్లలో, 10 కిలోల బోల్టుల్లో సంఖ్య ఒకటే. అలాగే 18 గ్రాముల నీళ్లు, 342 గ్రాముల పంచదార: రెండింట్లోనూ ఒక్కో మోల్ అణువులు. ఒక మోల్ ఎన్ని గ్రాములో చెప్పేదే మోలార్ ద్రవ్యరాశి, అది చేసే పని ఇదే.

ఇప్పుడు నిజంగా తూచి చూడండి. వంటసోడా మోలార్ ద్రవ్యరాశి 84, కాబట్టి 8.4 గ్రాములు 0.1 మోల్. ఒక మోల్ సోడాకి ఒక మోల్ ఎసిటిక్ ఆమ్లం సరిపోతుంది. దాని మోలార్ ద్రవ్యరాశి 60, కాబట్టి 6 గ్రాములు కావాలి. 5 శాతం వెనిగర్ అయితే 120 మి.లీ. అరవయ్యే పోస్తే నురగ ఆగాక కూడా సగం సోడా మిగిలే ఉంటుంది, ఇంకాస్త వెనిగర్ పోయగానే మళ్లీ పొంగుతుంది. 200 పోసినా వాయువు పెరగదు, ఎందుకంటే సోడా అయిపోయింది. ముందుగా అయిపోయి చర్యని ఆపేసే ఇలాంటి పదార్థాన్నే పరిమిత కారకం అంటారు.

వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా 0.1 మోలే, 4.4 గ్రాములు. 25 డిగ్రీల దగ్గర అది దాదాపు 2.4 లీటర్లు, కాబట్టి మూత బిగించిన సీసాలో మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వెనిగర్ పోసిన వెడల్పాటి గిన్నెని తూకం మీదే ఉంచి, సోడాని కొద్దికొద్దిగా వేయండి. ఒక్కసారే వేస్తే తుంపర్లు బయటపడి లెక్క పాడవుతుంది. తూకం 0.1 గ్రాము దాకా చూపేది కావాలి. గిన్నె, వెనిగర్, సోడా మొత్తం బరువులోంచి చివర్లో తగ్గింది 4.4 కంటే కాస్త తక్కువే ఉంటుంది, కొంత వాయువు ద్రవంలోనే కరిగి ఉండిపోతుంది గనక. గిన్నెని బాగా కలిపి, కాసేపు ఆగి మళ్లీ తూచండి, ఆ తేడా తగ్గుతూ వస్తుంది.