సిక్స్త్ ఫామ్ కాలేజీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు రాకపోతే

సిక్స్త్ ఫామ్ కాలేజీకి (ఇంగ్లండ్‌లో 16–18 ఏళ్ళవాళ్ళు చదివే కాలేజీ) డెడ్‌లైన్‌లోపే ఫామ్ పంపినా మీ అమ్మాయికి పిలుపు రాలేదంటే, బహుశా స్కూల్ రిఫరెన్స్ (అమ్మాయి గురించి స్కూల్ రాసి పంపే అభిప్రాయం) ఇంకా కాలేజీకి చేరలేదు. ఇంగ్లండ్‌లో కొన్ని సిక్స్త్ ఫామ్ కాలేజీలు అది అందేదాకా అప్లికేషన్ చూడవు.

1. ఫామ్‌లో రిఫరెన్స్ కోసం ఇచ్చిన ఈమెయిల్ సరిచూడండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఒక్క అక్షరం తప్పినా రిక్వెస్ట్ టీచర్‌కి చేరదు, మీకు చెప్పేవాళ్ళూ ఉండరు. అడ్రస్ సరిగానే ఉంటే, టీచర్‌ని స్పామ్‌లో పడిందేమో చూడమనండి.

2. ప్రెడిక్టెడ్ గ్రేడ్లు (పరీక్షల్లో వస్తాయని టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లు), రిఫరెన్స్ పంపారా అని రేపే స్కూల్లో ఇయర్ 11 హెడ్‌ని (ఆ తరగతి బాధ్యత చూసే టీచర్‌ని) అడగమని అమ్మాయికి చెప్పండి.

3. పంపారని తెలిశాక, అప్లికేషన్ నంబరుతో కాలేజీ అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టండి.

ఈలోగా టెన్షన్ పడకుండా ఇంకో కాలేజీకీ పెట్టండి. ఒకటికి మించి అప్లై చేయడం మామూలే.